గుడ్డకే ఎక్కువ రంగు

బల్లార్షాల నంబరు ప్లేట్లు రాస్త.
మరాఠీ అంకెలకు ఒక రేటు, ఇంగ్లీషు అంకెలకు ఒక రేటు,
లారీ వెనక నిమ్మకాయ, మిరపకాయల బొమ్మకు
ఒక చాయ్ తాపిస్తే చాలు.

పోశెట్టి ఎల్మలవార్ అట్టపెట్టె తెచ్చి
బల్ల మీద పెడితే
చెప్పులనుకున్న.
జానెడు మిలిటరీ లారీ. ప్లాస్టిక్‌ది.
తానే అతికించిండట,
చెయ్యి వణికిన చోటల్ల జిగురు కారి ఉంది.
ఇసుక రంగు గూడ తానే పూసిండు,
గడపకు పసుపు పూసినట్టు, ఒక్క తీరుగ.

"తొమ్మిదేండ్లు జైసల్మేర్ దిక్కు నడిపిన.
ఇది నాది కాదు," అన్నడు.
"నాది ఇంత కొత్తగ ఎన్నడు లేకుండె."

ముందు నల్ల రంగు, టర్పెంటైన్ల
చారు లెక్క పల్చగ కలిపి వదిలిన.
తలుపు సందుల పొంటి, బోల్టుల చుట్టు
తొవ్వ తానే వెతుక్కుంట పారింది.
"నలుపు గాదు," అన్నడు,
"ఆడ నలుపు ఏడిది? నలుపు మనది, సాస్తి గనిది.
ఆడ నీడ గూడ గోధుమ రంగుంటది."
తుడిచిన. మళ్ల కలిపిన, బెల్లం పాకమంత.

ఆరినంక పొడి కుంచె.
దానికి ముసలి కుంచె కావాలె, సగం వెంట్రుకలు రాలింది.
పాలిపోయిన మట్టి రంగుల ముంచి
గుడ్డకు తుడవాలె, ఇంక తుడవాలె,
ఇగ దీంట్ల ఏం లేదనిపించేదాక తుడవాలె.
గోరు మీద ఒకసారి గీసి చూసుకోవాలె.
ఆ లేనిదానితోనే పని.
ఉట్టిగ ఊపుతుంటే
ఎత్తుగున్నవే అందుకుంటయి:
రివెట్ల తలలు, బానెట్ అంచు, మెట్టు కొస.
పల్లాలకు ఏం దొరకదు.

"తుప్పు వెయ్యనా?" అన్న.
తుప్పు నాకు కొట్టిన పిండి,
పేపరు మిల్లు ఎనక గోడ పొంటి పోతే
ఎన్ని రకాలంటే అన్ని రకాలు.
"వాన లేని కాడ తుప్పేడ పడతది?
ఇసుక నాకుతది. ఇనుము మెరుస్తది గని ఎర్రబడది."
స్పాంజి ముక్క చింపి వెండి రంగు అద్దిన.

ఇగ వేలు పెట్టి చూపిచ్చుడు మొదలు పెట్టిండు.
"ఈడ నా మోచెయ్యి," కుడి తలుపు మీద.
"ఈడ నీళ్ల సంచి కట్టేది, కాన్వాసుది,
కారి కారి కింద ఇసుక చారలు గట్టేది.
డీజిల్ మూత కింద ఇంత పొడుగు మరక,
అది నా తప్పే, మూత సరిగ పెట్టకపోయేది."

"ఎడమ తలుపు?"
చానా సేపు మాట్లాడలే.
"అది రెండేండ్లంతనే అరగదియ్యి."

కుంచెకు ఏడాదికి ఎన్ని ఊపులో
నాకెవ్వరు నేర్పలే.
నాలుగు ఊపి ఆపిన.
తల ఆడిచ్చిండు, అవునన్నట్టో, చాలన్నట్టో.

ఆఖరికి నా పని. ఒక్క వెంట్రుక కుంచెతోని
పైకి చూసే బాణం గీసి, నంబరు చెప్పుమన్న.
గుక్క తిప్పకుండ చెప్పిండు.
సొంత ఫోను నంబరు అడిగితే మాత్రం
బిడ్డకు ఫోను చేసి కనుక్కున్నడు.

రాత్రి ఆరనిస్తినా, కిటికీ మూయ మరిస్తి.
తెల్లారేసరికి బానెట్ మీద, టాపు మీద
మా ఊరి బొగ్గు పొడి సన్నగ దిగింది.
భయపడుకుంట చూపిచ్చిన.
ఇట్లనే బాగుందంటడేమో అనుకున్న.
"ఊదు," అన్నడు, "గట్టిగ ఊదు."

రాజూరా బస్సుల ఒళ్లె పెట్టుకొని పోయిండు.

గుడ్డ ఉండిపోయింది.
లారీకి పట్టిందానికంటె దీనికే ఎక్కువ పట్టింది రంగు,
దులిపినా రాలదు.
మాపటికి చూసుకోక దానితోనే
ఒకాయన స్కూటరు ప్లేటు తుడిచిన.
ఏడనో పచ్చిగున్నట్టుంది,
తెల్లటి ప్లేటు మీద సన్నగ ఇసుక గీత.
ఓనరు చూడలే. పైసలిచ్చి పోయిండు.